పాత శిల్పము, కొత్త ప్రయోగశాల: సాల్క్ పరిశోధనాలయముపై ఒక విమర్శ

దేవాలయమును కట్టువాడు వేయి యేండ్లు నిలువవలెనని కట్టును. ప్రయోగశాలను కట్టువానికి అంతటి నిబ్బరము లేదు. పదేండ్లు తిరుగునప్పటికి పరికరములు మారును. గొట్టములు, తీగలు, గాలిని పంపు యంత్రములు మారును. నిన్న గది నిండిన పని నేడు బల్లమీద సాగును; నేడు బల్లమీద సాగిన పనికి రేపు ఒక మేడ కావలసివచ్చును. అందుచేతనే చాల దేశములలో ప్రయోగశాలలను కట్టుట, కూల్చుట, మరల కట్టుట ఒక వాడుకయైపోయినది. వానిని శిల్పముగా చూచువారు తక్కువ.

ఐనను ఇరువదవ శతాబ్దపు నడుమ కట్టిన కొన్ని పరిశోధనాలయములు ఈ నియమమునకు లొంగలేదు. కాంక్రీటు, ఉక్కు, గాజు వంటి కొత్త పదార్థములతో, అలంకారములను విడిచి, పనికి తగిన రూపమును వెదకిన ఆధునిక వాస్తురీతికి అవి మేలైన ఉదాహరణములైనవి. చూడవచ్చువారికి అవి యాత్రాస్థలములు; లోపల పనిచేయువారికి మాత్రము రోజువారీ కర్మశాలలు. అట్టి చోట కొత్తగా ఒక నూతనావిష్కరణ కేంద్రము కావలసివచ్చినప్పుడు ఏమి చేయవలెను? పాతదానిని అనుకరించవలెనా? దానికి దూరముగా తొలగిపోవలెనా? చుట్టునున్న చెట్టుచేమలు, కొండవాలు ఎవరి సొత్తు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుటకు కాలిఫోర్నియాలోని సాల్క్ జీవశాస్త్ర పరిశోధనాలయమును మించిన ఉదాహరణము అరుదు. అక్కడ గొప్ప మేలును జరిగినది, కొంత కీడును జరిగినది. రెండింటిని పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పరిశోధనాలయపు పుట్టుక

జోనాస్ సాల్క్ పేరు వైద్యశాస్త్ర చరిత్రలో సుప్రసిద్ధము. పోలియో వ్యాధిని కలిగించు వైరస్సును చంపి, దానితో సూదిమందును తయారుచేసిన శాస్త్రజ్ఞుడతడు. ఆ టీకా క్షేమకరము, ఫలప్రదము అని 1955 ఏప్రిల్ 12వ తేదీన ప్రకటించిరి. ఆ టీకాకు తెలుగు నేలతోను సంబంధము కలదు. 2016లో హైదరాబాదు మురుగునీటి నమూనాలో టీకామూలకమైన రెండవ రకపు పోలియో వైరస్సు కనబడగా, ఆ యేటి జూను నెలలో నగరములోని సుమారు మూడు లక్షలమంది పిల్లలకు ఈ చంపిన వైరస్సు టీకానే చర్మములోనికి కొద్ది మోతాదుగా ఇచ్చిరి.

టీకా విజయము తరువాత సాల్క్ ఒక స్వతంత్ర పరిశోధనాలయమును స్థాపింప దలచెను. సాన్ డియేగో నగరమునకు ఉత్తరముగా, లా హోయా ప్రాంతమున, పసిఫిక్ మహాసముద్రము గట్టుమీదనున్న 27 ఎకరముల బల్లపరుపు నేలను ఇచ్చుటకు 1960లో ఆ నగర పౌరులు ఓటు వేసి ఒప్పుకొనిరి. నేల పడమటి అంచున లోతైన కనుమ ఒకటి చీల్చుకొనిపోవును. దానికి ఆవల సముద్రము. భవనశిల్పిగా సాల్క్ ఎన్నుకొన్నవాడు లూయీ కాన్. చిత్రకారుడైన పికాసోను పిలిచి చూపదగిన కట్టడము కావలెనని సాల్క్ కోరినట్లు చెప్పుదురు. ఈ కోరికలోని భావము గమనింపదగినది: శాస్త్రజ్ఞుడు మేధావులందరితో సంబంధము గలవాడు గాని, గొట్టములకు కావలి కాయువాడు కాడు.

అంతకుముందు కాన్ ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు రిచర్డ్స్ వైద్య ప్రయోగశాలలను రచించియుండెను. పనిచేయు గదులు వేరు, వానికి ఊడిగము చేయు మెట్లు, గొట్టముల గోపురములు వేరు అను సిద్ధాంతమును అందులో స్పష్టముగా చూపెను. విమర్శకులు మెచ్చిరి. లోపలివారు మాత్రము ఎండ కన్నులలో కొట్టుచున్నదని కిటికీలకు అల్యూమినియము రేకు కాగితములను అంటించుకొనిరి. చోటు ఇరుకని గొణిగిరి. శిల్పమునకు మెప్పు వచ్చినంతమాత్రమున పనివానికి సుఖము కలుగునని అనుకొనరాదు. ఈ పాఠమును కాన్ మరచిపోలేదు. లా హోయాలోని రచన రిచర్డ్స్ లోపములకు సమాధానము.

గొట్టములకు ఒక అంతస్తు

సాల్క్ పరిశోధనాలయమున ఎదురెదురుగా రెండు పొడవైన కట్టడములు కలవు. నడుమ విశాలమైన ముంగిలి. ఒక్కొక్క కట్టడమున మూడు ప్రయోగశాలల అంతస్తులు. ప్రతి ప్రయోగశాల సుమారు 245 అడుగుల పొడవు, 65 అడుగుల వెడల్పు గలది. అంత వెడల్పులో నడుమ ఒక్క స్తంభమైనను లేదు. గోడలను ఎటు కావలసిన అటు జరుపుకొనవచ్చును. నేడు జీవకణముల పని, రేపు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పని, గది అడ్డుచెప్పదు.

స్తంభములు లేకుండ అంత వెడల్పును ఎట్లు కప్పిరి? దీనికి ఆగస్ట్ కొమెండంట్ అను ఇంజనీరు తోడ్పడెను. ప్రతి ప్రయోగశాల మీదను సుమారు 9 అడుగుల ఎత్తున ఒక గొట్టముల అంతస్తును కట్టిరి. ఆ అంతస్తు యావత్తు ఒక పెద్ద దూలము వంటిది. సామాన్యముగా రైలు వంతెనలలో చూచు దూలపు చట్రములలో ఏటవాలు కమ్మీలుండి త్రికోణములు ఏర్పడును. త్రికోణము తన రూపమును మార్చుకొనలేదు. కావున చట్రము గట్టిగా నిలుచును. కాని ఏటవాలు కమ్మీలున్నచోట మనిషి నడువలేడు, పెద్ద గొట్టము దూరదు. 1896లో బెల్జియము ఇంజనీరు వీరెండీల్ మరియొక విధమును చూపెను. అందులో ఏటవాలు కమ్మీలుండవు; చట్రమంతయు దీర్ఘచతురస్రములే. దీర్ఘచతురస్రము ప్రక్కకు వాలిపోవును గదా అని విద్యార్థులు అడుగవచ్చును. నిజమే. దానిని నివారించుటకు మూలలను మిక్కిలి దృఢముగా చేయుదురు. వంపు బలములను ఆ మూలలే భరించును. ఖర్చు కొంత హెచ్చు. ప్రతిఫలముగా దూలములోపల మనుష్యులు నిలువుగా నడచిపోవచ్చును. కొత్త తీగ కావలసిన, పాత గొట్టమును తీసివేయవలసిన, మేస్త్రీలు పై అంతస్తులో పని చేసికొందురు. క్రింద ప్రయోగము ఆగదు.

ఆవిష్కరణ కేంద్రమునకు కావలసిన మొదటి గుణమిదే. మారునది ఏదో, మారనిది ఏదో తెలిసికొని రెండింటికి వేర్వేరుగా చోటు చూపవలెను. బయటి రూపము స్థిరము. లోపలి ఏర్పాటు చంచలము. అరువది యేండ్లు గడచినను ఆ ప్రయోగశాలలు నేటికిని ప్రయోగశాలలుగానే పనిచేయుచుండుటకు కారణము ఈ విభజనమే. భవనమును కాపాడుటకు అన్నిటికన్న మంచి ఉపాయము దానిని పనికివచ్చునట్లు కట్టుటయే.

నేలను చూచిన తీరు

ముంగిలికి ఇరుప్రక్కల పది గోపురములు నిలుచును. వానిలో శాస్త్రజ్ఞులు కూర్చుండి ఆలోచించుకొనుటకు 36 చిన్న గదులున్నవి. వాని గోడలను ఏటవాలుగా త్రిప్పినందున ప్రతి గదినుండియు సముద్రము కానవచ్చును. ప్రయోగశాలలోని సందడి వేరు, గదిలోని ఏకాంతము వేరు. ఒకదానినుండి మరియొకదానికి పోవుటకు వంతెన దాటవలెను. ఆ నాలుగడుగుల నడకలో మనస్సు మారును.

అన్నిటికన్న క్రిందనున్న ప్రయోగశాలను ముంగిలి మట్టమునకు దిగువగా నేలలోనికి దింపిరి. ప్రక్కన సుమారు 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు గల గుంటలను విడిచినందున అక్కడికిని పగటివెలుతురు చేరును. ఈ విధముగా పెద్ద కట్టడమైయుండియు అది గట్టుమీద తల ఎగురవేసికొని నిలువదు. కనుమకు, సముద్రమునకు ఇవ్వవలసిన పెద్దరికమును ఇచ్చినది.

ముంగిలి కథ మరింత ఆసక్తికరము. కాన్ మొదట అక్కడ తోట వేయదలచెను. సలహాకై మెక్సికో దేశపు శిల్పి లూయిస్ బరగాన్‌ను 1966లో పిలిచెను. అతడు చూచి, ఇచ్చట ఒక్క చెట్టును, ఒక్క ఆకును వలదు. ఇది రాతి ముంగిలి కావలెను, అప్పుడు ఆకాశమే దీనికి ముఖభాగమగును అని భావించెను. కాన్, సాల్క్ ఇరువురును వెంటనే అంగీకరించిరి. ఇటలీనుండి తెచ్చిన ట్రావర్టీన్ రాతిని పరచిరి. అది వేడినీటి ఊటలనుండి సున్నము పేరుకొని ఏర్పడిన రాయి. నడుమ తూర్పునుండి పడమటికి ఒక సన్నని నీటికాలువ సాగి సముద్రము వైపు పోవుచున్నట్లు కనబడును.

ఈ కాలువలో ఒక ఖగోళ పాఠము కలదు. ఏడాదిలో రెండు నాళ్ళు, అనగా మార్చి, సెప్టెంబరు నెలలలో వచ్చు విషువద్దినములందు, సూర్యుడు సరిగా పడమట అస్తమించును. అప్పుడు ఆ కాలువకు నేరుగా ఎదుట సూర్యబింబము సముద్రములో దిగును. మిగిలిన దినములలో ఋతువునుబట్టి ఉత్తరమునకో దక్షిణమునకో జరుగును. భవనము ఒక పెద్ద సూర్యయంత్రమైనది. పరికరము ఒక్కటియు పెట్టకుండ, కేవలము దిక్కును సరిగా పట్టుటచేత ఈ ఫలము సిద్ధించినది.

యూకలిప్టస్ తోపు, తూర్పు భవనము

మెచ్చుకొనవలసినది ఇంతవరకు. ఇక వివాదమునకు వత్తము.

కాన్ 1974 మార్చిలో మరణించెను. సాల్క్ జీవించియుండగనే పరిశోధనాలయమునకు చోటు చాలకపోయెను. కార్యాలయములు, సభామందిరము, మరికొన్ని ప్రయోగశాలలు కావలసివచ్చెను. తొలి ప్రణాళికలోనున్న సమావేశ మందిరము, నివాసములు కట్టనే లేదు. ముంగిలికి తూర్పున ఒక యూకలిప్టస్ తోపు ఉండెడిది. ఆ తోపును కొట్టి, అచ్చట కొత్త భవనమును కట్టుటకు 1990 దశకపు తొలినాళ్ళలో నిశ్చయించిరి. రచనను అప్పగించినది ఆన్షెన్, ఆలెన్ సంస్థకు. అందులో పనిచేసిన డేవిడ్ రైన్‌హార్ట్, జాక్ మెకాలిస్టర్ ఇరువురును పూర్వము కాన్ వద్ద పనిచేసినవారే. సాల్క్ భవన నిర్మాణమందు మెకాలిస్టర్‌కు ముఖ్యమైన పాత్ర యుండెను. ఆ దశకపు నడుమ భవనము పూర్తియయ్యెను.

ఆ ప్రణాళిక బయటపడగానే శిల్పులు, చరిత్రకారులు పెద్ద యెత్తున అభ్యంతరము తెలిపిరి. కాన్ భార్య ఎస్తర్, అతనితో చిరకాలము పనిచేసిన ఆన్ టింగ్, చరిత్రకారుడు విన్సెంట్ స్కల్లీ వారిలో ఉండిరి. అదే సమయమున, 1992లో, అమెరికా వాస్తుశిల్పుల సంస్థ ఇరువదియైదేండ్ల పరీక్షకు నిలిచిన కట్టడమని పాత భవనమునకు పురస్కారమిచ్చెను. ఒక చేత పూలదండ, మరియొక చేత గొడ్డలి అన్నట్లయ్యెను.

ఇరుపక్షముల వాదములను న్యాయముగా వినవలెను.

కట్టవలెనన్నవారి వాదము తేలికయైనది కాదు. పరిశోధనాలయము ప్రదర్శనశాల కాదు. చోటులేని శాస్త్రజ్ఞుడు మరియొక చోటికి పోవును. తూర్పున ముందుముందు కట్టడములు రావచ్చునని కాన్ తానే తలచియుండెను. కట్టించినవాడైన సాల్క్ స్వయముగా కోరుచుండెను. తోపులోని చెట్లు ఆ నేలకు సహజమైనవియు కావు. యూకలిప్టస్ ఆస్ట్రేలియానుండి పంతొమ్మిదవ శతాబ్దమున కాలిఫోర్నియాకు తెచ్చిన చెట్టు. ఆ తీరమునకు సొంతమైనది టోరీ పైన్ అను అరుదైన దేవదారు జాతి. ఇక కొత్త భవనము పాతదానికి గౌరవము చూపుచునే యున్నది. కాలువ గీతకు ఇరుప్రక్కల సమానముగా రెండు భాగములై, నడుమ దారి విడిచి, అదే విధమైన కాంక్రీటు ధరించి నిలుచును. ముంగిలిలో నిలిచి పడమటికి చూచువానికి ఏమియు చెడలేదు.

వలదన్నవారి వాదము వేరొక తీరుది. పూర్వము వచ్చువాడు తోపులో నీడన నడచివచ్చెడివాడు. ఆకుల చప్పుడు, నూనె వాసన, మసక వెలుతురు. తోపు దాటగానే తెల్లని రాతి ముంగిలి, గీత గీచినట్లు నీరు, దాని కొసన సముద్రము ఒక్కసారిగా కన్నుల బడును. చీకటి తరువాత వెలుతురు వచ్చుటచేతనే వెలుతురునకు విలువ. తోపు గీచినపటములో లేదు. కాని భవనముయొక్క అనుభవములో ఉన్నది. దానిని తీసివేయుట పద్యమునకు మొదటి పాదమును కొట్టివేయుట వంటిది.

ఈ రెండింటిలో ఏది సరి? తోపు సహజమైనది కాదను వాదము నిలువదు. ముంగిలిలోని రాయియు ఇటలీనుండి వచ్చినదే గదా! ఒకచోట పాతుకొని, మనుష్యుల అలవాటులో కలిసిపోయినది ఏదైనను ఆ స్థలములో భాగమే. కాన్ తూర్పున కట్టదలచెనను మాటకు కొంత బలము కలదు. ఐనను శిల్పి జీవించియుండగా మార్చుకొనగల అభిప్రాయమునకును, అతడు పోయిన పిదప దానినే ఆజ్ఞగా చూపుటకును భేదమున్నది. తోటకు బదులు రాతి ముంగిలిని ఒక్క రోజున అంగీకరించిన మనిషి, తోపు విషయమున ఏమి తలచియుండెడివాడో ఎవరు చెప్పగలరు?

తూర్పు భవనముయొక్క అసలు దోషము దాని రూపమున లేదు. అది నిలిచిన చోటున ఉన్నది. అది మర్యాద గలది, శుభ్రమైనది, మంచి పనితనము గలది. మరియొకచోట నుండిన ఎవ్వరును వేలెత్తి చూపెడివారు కారు. అనుకరణము రెండవ దోషము. పాత భవనపు సమతను, కాంక్రీటును, నడిగీతను అదియు పట్టుకొనుటచేత ప్రేక్షకుడు పాతదానిని చేరకముందే దాని ప్రతిధ్వనిని వినును. ప్రతిధ్వని ముందు, మాట వెనుక వచ్చినట్లగును. గౌరవము చూపుటకు పోలికయే మార్గమనుకొనుట పొరపాటు. పెద్దల యెదుట మౌనముగా ప్రక్కకు తొలగి నిలుచుటయు గౌరవమే. అత్యవసరమైన చోటును ప్రక్కలకు జరిపియో, కాన్ చేసినట్లు మరింత నేలలోనికి దింపియో, తోపులో ఒక భాగమునైన దారికి ఇరువైపుల నిలిపియో సాధింప యత్నించియుండవలసినది. సభామందిరమును భూమిలోపల కట్టగలిగినవారికి ఈ ఉపాయము తెలియనిది కాదు.

కొండకు తలవంచిన మేడ

ఇట్టి సమస్యను మరియొకచోట ఎట్లు ఎదుర్కొనిరో పోల్చిచూచుట మంచిది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బౌల్డర్ అను పట్టణము రాకీ పర్వతముల పాదమున ఉన్నది. కొండవాలులమీద ఇండ్లు వ్యాపింపకుండ, 5,750 అడుగుల ఎత్తుకు పైన నీటి సరఫరా చేయరాదని 1959లో పౌరులు శాసనము చేసికొనిరి. అంతలో జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రమునకు ఆ గీతకు పైననున్న మెట్టనేల నచ్చెను. 1961లో మరల ఓటు వేసి, ఆ ఒక్క భవనమునకు మినహాయింపు నిచ్చిరి. ప్రజల నమ్మకమును నిలుపుకొను బాధ్యత శిల్పిమీద పడెను.

శిల్పి ఐ. ఎం. పే. మొదటి చిత్తుపటములు ఆ పర్వతముల యెదుట పిల్లల ఆటబొమ్మలవలె తేలిపోయెను. అతడు నైరుతి ప్రాంతమునకు పోయి, మేసా వెర్డె అనుచోట ప్రాచీన ప్యూబ్లో ప్రజలు కొండ చరియలలో కట్టుకొన్న రాతి ఇండ్లను చూచెను. అవి కొండను అనుకరింపవు; కొండనుండియే పుట్టినట్లుండును. కాంక్రీటులో దగ్గరి గనులనుండి తెచ్చిన ఎఱ్ఱని రాతిపొడిని కలిపించి, గట్టిపడిన పిమ్మట పైపొరను సుత్తులతో చెక్కించెను. అందుచేత గోడకు వెనుకనున్న బండలకు రంగు కలిసెను. దారిని నేరుగా వేయక, మెట్టను చుట్టి వచ్చునట్లు వేసిరి. 1967లో ప్రారంభోత్సవము జరిగెను. అనుకొన్న మూడవ గోపురము కట్టకయే మిగిలిపోయినను భవనమునకు లోపము కనబడదు. రంగు, రాయి, దారి ఈ మూడింటితోనే గౌరవము చూపవచ్చునని బౌల్డర్ నిరూపించినది.

పాతదానిలోనే కొత్తది

మరియొక మార్గము కలదు. అసలు కొత్త భవనమే కట్టకుండుట. న్యూజెర్సీ రాష్ట్రమున హోమ్‌డెల్ అనుచోట బెల్ ప్రయోగశాలలకు ఈరో సారినెన్ రచించిన అద్దాల మేడ 1962లో తెరచిరి. రచయిత 1961లోనే మరణించినందున దానిని చూడలేదు. 472 ఎకరముల పచ్చిక నడుమ, చెరువుల ప్రక్క, తరువాత విస్తరించినదానితో కలిపి సుమారు 20 లక్షల చదరపు అడుగుల కట్టడము. గేటు వద్దనున్న నీళ్ళ ట్యాంకు మూడు కాళ్ళతో ట్రాన్సిస్టరును పోలియుండును. ఆ ట్రాన్సిస్టరు 1947లో బెల్ ప్రయోగశాలలలో పుట్టినదే. హోమ్‌డెల్‌లోనే 1930 దశకపు తొలినాళ్ళలో కార్ల్ జాన్‌స్కీ ఆకాశగంగనుండి వచ్చు రేడియో తరంగములను కనుగొనెను.

2006 ప్రాంతమున యజమానులు ఆ మేడను విడిచిపోవ నిశ్చయించిరి. కూల్చివేయు ప్రణాళికలు సాగెను. అచ్చట పనిచేసిన శాస్త్రజ్ఞులు, శిల్పులు అడ్డుచెప్పిరి. 2013లో ఒక నిర్మాణ సంస్థ కొని, దానిని కూల్చక, లోపలి పొడవైన వెలుతురు చావడిని ఊరివారందరు నడచు వీధిగా మార్చెను. గ్రంథాలయము, అంగళ్ళు, చిన్న పెద్ద సాంకేతిక సంస్థలు అందులో చేరెను. 2017లో అది జాతీయ చారిత్రక స్థలముల జాబితాకెక్కెను. లోపమును చెప్పవలెనన్న, ఒక మహా పరిశోధన సంస్థ పోయి అంగళ్ళు వచ్చుట పరిశోధనకు లాభమని ఎవ్వరును అనలేరు. ఐనను మేడ నిలిచినది, పచ్చిక నిలిచినది. ముందు తరములవారు మరల ప్రయోగశాల పెట్టదలచిన, పెట్టుటకు చోటున్నది. కూల్చినదానికి ఆ అవకాశము లేదు.

చెట్టు, చెక్క, బూజు

సాల్క్ భవనముయొక్క చివరి పాఠము టేకు చెక్కలో దాగియున్నది. కాంక్రీటు గోపురముల నడుమ కాన్ టేకు కిటికీ చట్రములను అమర్చెను. అవి 203. సముద్రపు గాలి, ఉప్పు, ఎండ సోకి అర్ధశతాబ్దములో వాని రంగు మారెను. కొన్ని నల్లబడెను, కొన్నిటిని చెదలు తినెను. గెట్టీ పరిరక్షణ సంస్థవారి సాయముతో 2013 మొదలు పరిశీలించి, 2017లో మరమ్మతులు ముగించిరి. నలుపునకు కారణము చెక్కపై పెరిగిన ఒక బూజు పొర. అది దగ్గరనున్న యూకలిప్టస్ చెట్లనుండి వ్యాపించియుండునని తేలెను. చెట్టును ప్రేమించువారు ఈ సంగతిని దాచరాదు. ప్రకృతికి దగ్గరగా నుండవలెనన్న దాని బూజును, చెదను భరింపవలెను. దానికి తగిన కాపలా పెట్టుకొనవలెను. మరి నీరు లోపలికి దిగకుండ ఆపు రేకులు తొలి రచనలోనే లోపించెనని గూడ బయటపడెను. గొప్ప శిల్పియు చిన్న రేకును మరచిన చెక్క కుళ్ళును.

మరమ్మతు చేసిన తీరు ప్రశంసింపదగినది. అన్నిటిని తీసిపారవేసి కొత్తవి పెట్టుట సులభము. వారట్లు చేయలేదు. ఒక్కొక్క చట్రమును పరీక్షించి, కడిగి, చెడినంతమేర మాత్రము మార్చి, మూడింట రెండు వంతులకు పైగా పాత టేకునే నిలిపిరి. లోపించిన రేకులను బయటికి కనబడకుండ చేర్చిరి. రోగమును కనుగొనక మందు వేయరాదను వైద్యసూత్రమును వైద్య పరిశోధనాలయపు కిటికీలకే ప్రయోగించిరి.

అహమ్మదాబాదు ప్రశ్న

ఈ విషయము దూరదేశములకు సంబంధించినదే అనుకొనరాదు. లా హోయాలో గోడలు లేచుచున్న ఆ యేండ్లలోనే, 1962 మొదలు, కాన్ అహమ్మదాబాదులో భారతీయ నిర్వహణ సంస్థకు ఎఱ్ఱయిటుకల ఆవరణమును రచింపసాగెను. ఆ పనికి అతనిని రప్పించినవారు శిల్పి బాలకృష్ణ దోషి, శాస్త్రజ్ఞుడు విక్రమ్ సారాభాయి మొదలగువారు. అచ్చటినుండి తిరిగిపోవుచునే కాన్ న్యూయార్కు రైలుస్టేషనులో మరణించెను.

అచ్చటి గ్రంథాలయమును జాగ్రత్తగా బాగుచేసిరి. దానికి 2019లో యునెస్కో పురస్కారము లభించెను. కాని 2020 డిసెంబరులో, విద్యార్థుల వసతిగృహములలో చాలవానిని కూల్చి కొత్తవి కట్టుదుమని ప్రకటన వెలువడెను. ప్రపంచమంతటినుండి నిరసన రాగా 2021 జనవరి 1వ తేదీన దానిని ఉపసంహరించుకొనిరి. 2022 నవంబరులో మరల మనస్సు మార్చుకొని, ఆ గృహములు నివాసమునకు క్షేమము కావనిరి. వారి భయము అబద్ధము కాదు. ఇటుకగోడలో పొదిగిన ఇనుపకమ్మీకి తేమ తగిలిన తుప్పు పట్టును. తుప్పునకు ఇనుముకన్న ఎక్కువ చోటు కావలెను. ఆ ఒత్తిడికి ఇటుక పగులును. ఈ రసాయన చర్యను ఏ ప్రకటనయు ఆపలేదు. ఐనను ఒకే ఆవరణములో, ఒకే శిల్పి, ఒకే ఇటుకతో కట్టిన గ్రంథాలయము బాగుపడినప్పుడు గృహములను బాగుచేయుట అసాధ్యమని తేల్చుటకు ముందు చాల పరీక్షలు జరుగవలెను. కూల్చుట చివరి మందు కావలెను గాని మొదటి మందు కారాదు.

తేలిన సంగతులు

ఈ ఉదాహరణములనుండి కొన్ని నియమములు తేలుచున్నవి. ఆవిష్కరణ కేంద్రమునకు లోపల మార్పు కావలెను. ఆ మార్పునకు వేరుగా ఒక అంతస్తునో, చావడినో ముందే ఏర్పరచినచో బయటి రూపమును ముట్టనక్కరలేదు. పాత భవనము ప్రక్కన కట్టునప్పుడు ఎట్లు కట్టవలెను అను ప్రశ్నకన్న ఎచ్చట కట్టవలెను అను ప్రశ్న ముందు రావలెను. భవనపు హద్దు దాని గోడతో ముగియదు; దానిని చేరు దారి, దారిలోని నీడ, దాని యెదుటి ఆకాశము దానిలో భాగములే. పోలికతోనే గౌరవము కలుగదు. రంగుతో, తగ్గుటతో, తొలగుటతో గూడ కలుగును. మరమ్మతునకు ముందు రోగనిదానము కావలెను.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తమ పాఠశాల ఆవరణలోనే చెప్పవచ్చును. కొత్త గది ఎచ్చట రావలెనో విద్యార్థులచేత పటము గీయించి, ఏ చెట్టు పోవును, ఏ కిటికీకి గాలి ఆగును, మార్చి నెలలో సూర్యుడు ఏ గోడ వెనుక దిగును అని గుర్తింపజేసినచో భూగోళము, భౌతికశాస్త్రము, గణితము ఒక్కచోట కలియును. లా హోయాలో తోపు తిరిగి రాదు. రాబోవు కట్టడములలో మరియొక తోపు పోకుండ చూచుట నేడు పటము గీయ నేర్చుకొనుచున్న పిల్లల చేతిలో ఉన్నది.